మామూలు ల్యాప్‌టాప్‌లో మ్యాక్ ఎక్కుతుందా?

కంప్యూటర్ అంటే మన కంటికి కనబడేది ఒక తెర, కొన్ని మీటలు, ఒక పెట్టె. ఆ పెట్టెలో వున్న భాగాలన్నిటినీ ఒక తాటిమీద నడిపించేది మాత్రం కంటికి కనబడదు. దానికే ఆపరేటింగ్ సిస్టమ్ అని పేరు. మన హాస్టల్ గదుల్లో వున్న ల్యాప్‌టాప్‌లలో చాలామట్టుకు విండోస్ నడుస్తుంది. కొద్దిమంది లినక్స్ పెట్టుకున్నారు. మూడోది మ్యాక్ ఓఎస్. ఇది ఆపిల్ కంపెనీ తన సొంత యంత్రాలైన మ్యాక్‌బుక్, ఐమ్యాక్, మ్యాక్ మినీల కోసం మాత్రమే తయారు చేసుకున్నది. ఇతర కంపెనీల ల్యాప్‌టాప్‌లతో ఇది రాదు. అయినా కుతూహలం కలవాళ్ళు ప్రపంచమంతటా దాన్ని మామూలు ల్యాప్‌టాప్‌లలో ఎక్కిస్తూ వచ్చారు. అట్లా ఎక్కించిన యంత్రాన్ని హ్యాకింటాష్ అంటారు. హ్యాక్ అన్న మాటనూ, ఆపిల్ వారి మ్యాకింటాష్ పేరునూ కలిపి కట్టిన మాట అది. ఏ ల్యాప్‌టాప్‌లో అది ఎక్కుతుంది, ఏ ల్యాప్‌టాప్‌లో ఎక్కదు, ఎందుకు ఎక్కదు అన్నదే ఈ వ్యాసంలో విషయం.

"ఇది తీరిక వున్నవాళ్ళ ముచ్చట, మనకెందుకయ్యా?" అని కొందరు మిత్రులు అనవచ్చు. అవసరం వుంది గనుకనే రాస్తున్నాను. ఐఫోన్‌లో నడిచే యాప్ తయారు చెయ్యాలంటే ఎక్స్‌కోడ్ అనే సాధనం కావాలి. అది మ్యాక్ ఓఎస్ మీద తప్ప మరెక్కడా నడవదు. 2016 మే నెలలో ఆపిల్ అధిపతి టిమ్ కుక్ హైదరాబాదు వచ్చి, తమ మ్యాప్‌ల పని చేసే కేంద్రాన్ని ప్రారంభించి వెళ్ళాడు. అంతటి కంపెనీ మన రాజధానిలోనే వుందంటే ఆ పని నేర్చుకోవాలన్న ఆశ పిల్లలకు పుట్టడం సహజం. అయితే మ్యాక్‌బుక్ ధర మన ఇళ్ళలో ఒక పంట పెట్టుబడితో సమానం.

నా జూనియర్ ఒకతను భద్రాచలం అవతల అడవి అంచు పల్లెనుంచి వచ్చిన కోయ విద్యార్థి. తన భాషలోని మాటలను వాళ్ళ అమ్మమ్మ గొంతుతోనే వినిపించే ఒక చిన్న యాప్ చెయ్యాలని అతని కోరిక. వేసవిలో ఇంటిల్లిపాదీ అడవికి పోయి తునికాకు తెంపి, కట్టలు కట్టి కల్లంలో పోస్తే వచ్చిన డబ్బుతో పాత ల్యాప్‌టాప్ ఒకటి కొనుక్కోవాలనుకున్నాడు. "అన్నా, ఏది కొంటే మ్యాక్ ఎక్కుతది?" అని అడిగాడు. అతనికి చెప్పడం కోసం నేను చదివి, నా దగ్గర వున్న యంత్రం మీద చేసి చూసి తెలుసుకున్న సంగతులే ఇవి. ఆ డబ్బు ఎట్లా వచ్చిందో తెలిసినప్పుడు "ఏదో ఒకటి కొను, చూద్దాం" అనడానికి నోరు రాదు.

ఇది ఎట్లా సాధ్యమైంది?

1984లో మొదటి మ్యాకింటాష్ వచ్చినప్పుడు అందులో వున్నది మోటరోలా 68000 ప్రాసెసర్. 1994లో పవర్ పీసీ అనే మరో జాతి ప్రాసెసర్‌కు మారారు. ఈ రెండూ మామూలు పీసీలలో వుండే ఇంటెల్ ప్రాసెసర్లతో పొత్తు కుదరనివే. ఒకదానికి రాసిన ఆజ్ఞలు రెండోదానికి అర్థం కావు. మధ్యలో 1995 నుంచి 1997 దాకా ఆపిల్ తన సిస్టమ్‌ను పవర్ కంప్యూటింగ్ వంటి బయటి కంపెనీలకు లైసెన్సు మీద ఇచ్చింది. స్టీవ్ జాబ్స్ తిరిగి వచ్చాక ఆ ద్వారం మూసేశాడు.

2005 జూన్ 6న అదే జాబ్స్, ఇకమీద మ్యాక్‌లలో ఇంటెల్ ప్రాసెసర్లే వుంటాయని ప్రకటించాడు. 2006 జనవరిలో అవి బజారుకు వచ్చాయి. దానితో మ్యాక్‌లోని ప్రాసెసరూ, పక్కింటి పీసీలోని ప్రాసెసరూ ఒకటే అయినాయి. భాష కలిసింది, ఇక మాట కలపడమే తరువాయి. 2005లోనే ఆ ప్రయత్నాలు మొదలైనాయి. కామీలియన్, క్లోవర్ అనే బూట్‌లోడర్లు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. 2019లో వచ్చిన ఓపెన్‌కోర్ వాటి స్థానాన్ని ఆక్రమించింది.

అసలు చిక్కు ఎక్కడ?

భాష కలిసినంత మాత్రాన పని జరుగుతుందా? జరగదు. ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్ ఒక్కటే కాదు గదా. తెరకు బొమ్మ పంపే గ్రాఫిక్స్, వైఫై కార్డు, సౌండ్ చిప్పు, టచ్‌ప్యాడ్, బ్యాటరీ లెక్క చూసే చిన్న చిప్పు, ఇట్లా పది పన్నెండు పరికరాలు వుంటాయి. ప్రతి పరికరంతో మాట్లాడడానికి సిస్టమ్‌లో ఒక దుబాసీ వుండాలి. ఆ దుబాసీనే డ్రైవర్ అంటారు. మ్యాక్ ఓఎస్‌లో ఇటువంటి వాటికి కెక్స్ట్ అని పేరు.

విండోస్ అన్ని ల్యాప్‌టాప్‌లలోనూ నడుస్తుందంటే కారణం, పరికరం తయారు చేసే ప్రతి కంపెనీ దానికి విండోస్ డ్రైవర్ కూడా రాసి ఇస్తుంది. ఇవ్వకపోతే ఆ సరుకు అమ్ముడుపోదు. లినక్స్ సంగతి వేరు. దానికి ప్రపంచమంతటా వున్న ఔత్సాహికులూ, కంపెనీల ఇంజనీర్లూ కలిసి డ్రైవర్లు రాస్తారు. ఆపిల్ మాత్రం తాను మ్యాక్‌లలో వాడిన పరికరాలకే డ్రైవర్లు పెడుతుంది. దానికి మరొకరి పరికరంతో పని లేదు. కాబట్టి మన ల్యాప్‌టాప్‌లోని పరికరం ఎప్పుడైనా ఏదో ఒక మ్యాక్‌లో వుండి వుండాలి, లేదా దాని దగ్గరి చుట్టమై వుండాలి. అదీ కాకపోతే ఎవరో ఒక పుణ్యాత్ముడు దానికి కెక్స్ట్ రాసి పెట్టి వుండాలి. హార్డ్‌వేర్ పొత్తు అనే పెద్ద మాటకు అర్థం ఇంతే.

మీట నొక్కిన తరువాత

పవర్ మీట నొక్కగానే ముందు లేచేది బోర్డు మీద వున్న ఫర్మ్‌వేర్. పాతకాలం వాళ్ళు దీన్నే బయాస్ అనేవాళ్ళు, ఇప్పటిది యూఈఎఫ్ఐ. అది బూట్‌లోడర్‌ను పిలుస్తుంది. బూట్‌లోడర్ వెళ్ళి సిస్టమ్ గర్భమైన కెర్నెల్‌ను లేపుతుంది. కెర్నెల్ లేచీ లేవగానే "ఈ ఇంట్లో ఏమేం వున్నాయి?" అని అడుగుతుంది. దానికి జవాబుగా తయారీదారు రాసిపెట్టిన ఏసీపీఐ అనే పట్టికలు వుంటాయి. అవి ఆ యంత్రపు ఆస్తిపాస్తుల జాబితా అనుకోండి. మామూలు ల్యాప్‌టాప్‌లో ఆ జాబితాను విండోస్‌ను దృష్టిలో పెట్టుకొని రాస్తారు. మ్యాక్ ఓఎస్ చదివితే కొన్ని పద్దులు అర్థం కావు, కొన్ని అసలే కనబడవు.

ఓపెన్‌కోర్ చేసే పని ఇక్కడే. మొదట ఆ జాబితాలో కావలసిన సవరణలు చేసి కెర్నెల్ చేతికి ఇస్తుంది. తరువాత "నేను ఫలానా సంవత్సరపు మ్యాక్‌బుక్ ప్రోను" అని యంత్రం చేత చెప్పిస్తుంది. ఆ పైన మనం సమకూర్చిన కెక్స్ట్‌లను జ్ఞాపకశక్తిలోకి ఎక్కిస్తుంది. అసలు ఇంటెల్ మ్యాక్‌లలో ఎస్ఎంసీ అనే చిప్పు ఒకటి వుంటుంది. ఇది మ్యాకేనా అని సిస్టమ్ దాన్ని అడిగి రూఢి చేసుకుంటుంది. దొంగిలించవద్దు అని అర్థం వచ్చేట్టు 'డోంట్ స్టీల్ మ్యాక్ ఓఎస్ ఎక్స్' అన్న పేరుతో ఒక కెక్స్ట్‌నే ఆపిల్ ఇంజనీర్లు లోపల పెట్టారు. మన ల్యాప్‌టాప్‌లో ఆ చిప్పు లేదు గనుక, వర్చువల్ ఎస్ఎంసీ అనే కెక్స్ట్ దాని వేషం కడుతుంది.

మూడు హెచ్చరికలు

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు చూసిన ప్రాంతం మనది. మొదటి హెచ్చరికకు జాగ్రత్తపడతాం, రెండోదానికి సామాను సర్దుతాం, మూడోదానికి ఇల్లు వదిలి వెళ్తాం. ల్యాప్‌టాప్‌లోని లోపాలను కూడా ఇట్లాగే మూడు తరగతులుగా చూస్తే లెక్క తేలిక. కాకపోతే నీళ్ళు కిందినుంచి పైకి వస్తాయి, మనం మాత్రం పైనుంచి కిందికి, అంటే మూడో హెచ్చరిక నుంచి చూసుకుంటూ రావాలి. ఎందుకంటే అక్కడ తేలిపోతే మిగతా వాటితో పనే లేదు.

మూడో హెచ్చరిక: ప్రాసెసర్, గ్రాఫిక్స్

ల్యాప్‌టాప్ మీద అంటించిన పేరులోనే గుట్టు వుంటుంది. ఐ5-8250 అంటే ఇంటెల్ ఎనిమిదో తరం, ఐ5-10210 అంటే పదో తరం, ఐ5-1135 అంటే పదకొండో తరం. ఆపిల్ తన ల్యాప్‌టాప్‌లలో పదో తరం దాకానే ఇంటెల్ వాడింది. పదకొండో తరంలో ఇంటెల్ గ్రాఫిక్స్‌ను కొత్తగా కట్టింది. ఆ గ్రాఫిక్స్ ఏ మ్యాక్‌లోనూ లేదు, కాబట్టి దానికి డ్రైవర్ లేదు. గ్రాఫిక్స్ డ్రైవర్ లేకపోతే తెర మీద బొమ్మ నత్తలా కదులుతుంది, కొన్ని యాప్‌లు అసలే తెరుచుకోవు. అందుచేత పదకొండో తరం, ఆ పై తరాల ల్యాప్‌టాప్‌లు ఈ పనికి కొరగావు. కొత్తది, ఖరీదైనది అయితే బాగా నడుస్తుందన్న మామూలు లెక్క ఇక్కడ తలకిందులవుతుంది. అన్నీ వున్నా అల్లుడి నోట్లో శని అన్నట్లు, మంచి స్క్రీను, మంచి మెమొరీ వుండి కూడా ఈ ఒక్కదానివల్ల పోయే ల్యాప్‌టాప్‌లు ఎన్నో.

అట్లాగని మరీ పాతవి కొన్నా కష్టమే. 2022లో వచ్చిన వెంచురా అనే మ్యాక్ ఓఎస్, 2017కు ముందటి మ్యాక్‌లను వదిలేసింది. నాలుగో, అయిదో తరం ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్లు దానితో పోయాయి. అదే వెంచురా నుంచి ప్రాసెసర్‌లో ఏవీఎక్స్2 అనే ఆజ్ఞల సమూహం కూడా వుండాలి. ఏడు, ఎనిమిది తరాలు, పదో తరంలో కొన్ని, ఇవే మధ్యలో మిగిలిన మంచి మేత. ఇక చవక ల్యాప్‌టాప్‌లలో వచ్చే సెలెరాన్, పెంటియం ప్రాసెసర్ల గ్రాఫిక్స్ మీద ఆశ పెట్టుకోవద్దు.

ఏఎండీ ప్రాసెసర్లు ఏ మ్యాక్‌లోనూ రాలేదు. కెర్నెల్‌కు అతుకులు వేసి నడిపినవాళ్ళు వున్నారు. కొన్ని ఏఎండీ ల్యాప్‌టాప్‌ల గ్రాఫిక్స్‌కు నూటెడ్‌రెడ్ అనే కెక్స్ట్ కూడా వచ్చింది. అయితే ఇది నేర్చుకునే విద్యార్థి పెట్టుకోవలసిన పని కాదు. ఎన్‌విడియా కార్డు వున్న ల్యాప్‌టాప్‌లు చూసి మురిసిపోవద్దు. ల్యాప్‌టాప్‌లలో ఆ కార్డు ఇంటెల్ గ్రాఫిక్స్‌తో జోడుగా వుంటుంది. మ్యాక్ ఓఎస్‌లో ఆ జోడీ పని చెయ్యదు. 2018లో వచ్చిన మొజావే నుంచి ఎన్‌విడియా కొత్త కార్డులకు డ్రైవర్లే రాలేదు. చేయగలిగిందల్లా ఆ కార్డును నిద్రపుచ్చి, ఇంటెల్ గ్రాఫిక్స్ మీదనే బండి లాగించడం. నిద్రపుచ్చకపోతే పనీ చెయ్యదు, బ్యాటరీనీ తాగేస్తుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో హెచ్‌డీఎంఐ రంధ్రాన్ని ఆ కార్డుకే కలిపి వుంచుతారు. అటువంటి వాటిలో బయటి తెర పనిచెయ్యదు.

రెండో హెచ్చరిక: డిస్కు, వైఫై

ప్రాసెసర్, గ్రాఫిక్స్ సరిపోయినాయంటే పని అయిపోయినట్లు కాదు. రైలు టికెట్టు మీద భద్రాచలం రోడ్ అని వుంటుంది. దిగేది కొత్తగూడెంలో. రాములవారి దర్శనానికి ఇంకా నలభై కిలోమీటర్లు బస్సులో పోవాలి. ఇదీ అంతే.

డిస్కు చూడాలి. శామ్‌సంగ్ పీఎం981, పీఎం991 అనే ఎన్‌వీఎంఈ డిస్కులు చాలా ల్యాప్‌టాప్‌లతో వస్తాయి. విండోస్‌లో చక్కగా పనిచేస్తాయి గాని, మ్యాక్ ఓఎస్‌లో కెర్నెల్‌ను కుప్పకూలుస్తాయని పేరు పడ్డవి. చవక ల్యాప్‌టాప్‌లలో బోర్డుకే అతికించి వచ్చే ఈఎంఎంసీ నిల్వను మ్యాక్ ఓఎస్ సాధారణంగా గుర్తించదు. డిస్కు మార్చుకునే వీలుంటే ఇది రెండో హెచ్చరిక, వీలు లేకపోతే మూడోదే. ఇంకొక సంగతి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఫర్మ్‌వేర్ సెట్టింగులో డిస్కు పద్ధతి రెయిడ్ అని వుంటుంది. మ్యాక్ కోసం దాన్ని ఏహెచ్‌సీఐకి మార్చాలి. ముందుగా విండోస్‌ను సిద్ధం చెయ్యకుండా మారిస్తే, వున్న విండోస్ లేవదు. బిట్‌లాకర్ తాళం వుండి, దాని తాళపుచెవి రాసి పెట్టుకోకపోతే లోపలి రికార్డులు కూడా చేతికి రావు. కొండ నాలుకకు మందు వేస్తే వున్న నాలుక ఊడిన సామెత అక్షరాలా ఇక్కడ జరుగుతుంది. కాబట్టి ప్రాజెక్టు రిపోర్టు వున్న ల్యాప్‌టాప్ మీద ఈ ప్రయోగం వద్దు. వేరే డిస్కు పెట్టి చెయ్యాలి.

వైఫై మరీ ముఖ్యం. ఇంటెల్ వైఫై కార్డు ఏ మ్యాక్‌లోనూ లేదు. అయినా ఔత్సాహికులు ఐటీఎల్‌డబ్ల్యూఎం అనే కెక్స్ట్ రాయడంతో చాలా ఇంటెల్ కార్డులు పనిచేస్తున్నాయి. వాటితో ఎయిర్‌డ్రాప్ వంటి సౌకర్యాలు మాత్రం రావు. ల్యాప్‌టాప్‌లోపల వుండే రియల్‌టెక్, మీడియాటెక్ కార్డులను లేనట్లే లెక్కించాలి. ఒకప్పుడు బ్రాడ్‌కామ్ కార్డు కొని పెట్టుకుంటే ఏ బాధా వుండేది కాదు. 2023లో వచ్చిన సొనోమాలో ఆపిల్ ఆ పాత కార్డుల డ్రైవర్లు తీసేసింది. ఆ కార్డు కోసం డబ్బు ఖర్చుపెట్టినవాళ్ళు మళ్ళీ అతుకులు వేసుకోవలసి వచ్చింది.

మన ప్రాంతానికి దీనిలో మరో ముడి వుంది. చర్ల, దుమ్ముగూడెం వైపు పల్లెల్లో చాలామందికి ఇంటర్నెట్ అంటే సెల్‌ఫోనే. వైఫై లేకపోతే ఫోనును వైరుతో కలిపి వాడదామనుకుంటాం. విండోస్‌లో అది వెంటనే పనిచేస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లు వైరు మీద మాట్లాడే ఆర్‌ఎన్‌డీఐఎస్ పద్ధతికి మ్యాక్ ఓఎస్‌లో డ్రైవర్ లేదు. మ్యాక్ ఓఎస్ మొత్తం దించుకోవాలంటే సుమారు 12 గిగాబైట్లు. చిన్న రికవరీ భాగం మాత్రం తెచ్చుకొని మిగతాది ఎక్కిస్తున్నప్పుడు దించుకునే దారి వుంది గాని, ఆ సమయంలో యంత్రానికి ఇంటర్నెట్ అంది తీరాలి. సిగ్నల్ కోసం చెట్టెక్కే చోట ఇది జరిగే పని కాదు. పూర్తి ఇన్‌స్టాలర్‌ను పట్నంలో వుండగానే పెన్‌డ్రైవ్ మీదికి తెచ్చుకోవడం మేలు.

మొదటి హెచ్చరిక: కుదుర్చుకోగలిగినవి

సౌండ్‌కు యాపిల్ ఏఎల్‌సీ అనే కెక్స్ట్ వుంది. మన సౌండ్ చిప్పు పేరు తెలుసుకొని, దానికి రాసిపెట్టిన లేఅవుట్ సంఖ్యలను ఒక్కొక్కటీ పెట్టి చూస్తే ఏదో ఒకదానికి స్పీకరు పలుకుతుంది. టచ్‌ప్యాడ్‌లో రెండు జాతులు. పాతవి పీఎస్2, కొత్తవి ఐ2సీ. వూడూ పీఎస్2, వూడూ ఐ2సీ అని రెండింటికీ రెండు కెక్స్ట్‌లు వున్నాయి. యూఎస్‌బీకి ఒక్కో కంట్రోలర్ మీద 15 రేవులు దాటకూడదని మ్యాక్ ఓఎస్ నియమం. అందుకని ఏ రేవు ఎక్కడుందో పటం గీసి ఇవ్వాలి. అది చెయ్యకపోతే నిద్రపోయిన ల్యాప్‌టాప్ సరిగా లేవదు.

బ్యాటరీ కథ తమాషాగా వుంటుంది. ఎంత ఛార్జి మిగిలిందన్న లెక్క ఎంబెడెడ్ కంట్రోలర్ అనే చిన్న చిప్పులో వుంటుంది. దానిలోంచి మ్యాక్ ఓఎస్ ఒక్కసారికి ఎనిమిది బిట్ల సంఖ్యనే చదవగలదు. మన ల్యాప్‌టాప్‌లు పదహారు, ముప్ఫై రెండు బిట్ల సంఖ్యలు దాచుకుంటాయి. పూర్వం ఏసీపీఐ జాబితాలో కూర్చుని ప్రతి పెద్ద సంఖ్యనూ చేత్తో ముక్కలు చెయ్యవలసి వచ్చేది. తరువాత ఈసీ ఎనేబ్లర్ అనే కెక్స్ట్ ఆ పనిని తానే చేసిపెడుతోంది. ఇది చిన్న విషయం అనుకోవద్దు. గాలివానకు కరెంటు పోయే వూళ్ళో బ్యాటరీ ఎంతుందో తెలియని ల్యాప్‌టాప్ చేతిలో వుండడం, నూనె ఎంతుందో తెలియని లాంతరుతో అడవిలో నడవడమే. ఇక వేలిముద్ర యంత్రం పనిచెయ్యదు. అది లేకపోయినా గడుస్తుంది.

కొనేముందు చేసుకోవలసిన పరీక్ష

దుకాణంలో ల్యాప్‌టాప్ చేతికి ఇచ్చినప్పుడే పది నిమిషాల్లో ఈ సంగతులన్నీ తెలుసుకోవచ్చు. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరవాలి. డిస్‌ప్లే, నెట్‌వర్క్, డిస్కు, సౌండ్ అనే నాలుగు పద్దుల కింద వున్న పేర్లు కాగితం మీద రాసుకోవాలి. పరికరం మీద కుడి మీట నొక్కి, ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్‌కు పోతే హార్డ్‌వేర్ ఐడీ కనబడుతుంది. అందులో మొదటి సంఖ్య ఇంటిపేరు, రెండోది సొంత పేరు. 8086 అని వుంటే అది ఇంటెల్ ఇంటిది. 1978లో తాము చేసిన ప్రాసెసర్ సంఖ్యనే ఆ కంపెనీ ఇంటిపేరుగా పెట్టుకుంది. పెట్టె మీద అచ్చువేసిన మోడల్ పేరును నమ్ముకోవద్దు. ఒకే మోడల్ పేరుతో అమ్మిన ల్యాప్‌టాప్‌లలో వైఫై కార్డు ఒకదానిలో ఒకటి, మరొకదానిలో మరొకటి వుండడం మామూలే. ఈ సంఖ్యలు అబద్ధం చెప్పవు.

ఎక్కిన తరువాత

ఎక్కించడం ఒక ఎత్తు, ఎక్కినదాన్ని కాపాడుకోవడం మరో ఎత్తు. 2018 ఫిబ్రవరిలో మన తెలుగుకే సంబంధించిన ఒక విచిత్రం జరిగింది. 'జ్ఞా' అనే అక్షరం మధ్యలో, కంటికి కనబడని ఒక సంకేతం కలిసి వచ్చినప్పుడు, ఆ వరసను చదవబోయిన ఐఫోన్లలోనూ మ్యాక్‌లలోనూ యాప్‌లు కూలిపోయాయి. జ్ఞానానికి మొదటి అక్షరమే యంత్రాన్ని పడగొట్టింది! ఫిబ్రవరి 19న ఆపిల్ సవరణ విడుదల చేసింది. అసలు మ్యాక్ వున్నవాళ్ళు మీట నొక్కి సవరణ వేసుకున్నారు. హ్యాకింటాష్ వున్నవాడికి ప్రతి సవరణా ఒక పరీక్షే. అది వేసుకుంటే తన కెక్స్ట్‌లు పనిచేస్తాయో లేదో ముందు తెలియదు. వేసుకోకపోతే లోపం అట్లాగే వుంటుంది. రోజువారీ చదువుకు ఆధారపడే యంత్రం ఇట్లా వుండడం మంచిది కాదు.

చట్టం మాట కూడా చెప్పుకోవాలి. మ్యాక్ ఓఎస్ లైసెన్సులో, ఆపిల్ పేరున్న కంప్యూటర్ మీద తప్ప ఎక్కించరాదని స్పష్టంగా వుంది. అమెరికాలోని ఫ్లోరిడాలో సైస్టార్ అనే కంపెనీ మామూలు పీసీలలో మ్యాక్ ఓఎస్ ఎక్కించి అమ్మకానికి పెట్టింది. 2008లో ఆపిల్ దావా వేసింది, 2009లో గెలిచింది, 2011లో అప్పీలు కోర్టు కూడా ఆ తీర్పునే బలపరిచింది. కాబట్టి ఇట్లా ఎక్కించి నలుగురికీ అమ్మడం, కాలేజీ ల్యాబులో పెట్టడం తగని పని. మరొకరి మ్యాక్ సీరియల్ నంబరు తెచ్చి వాడుకోవడం అంతకన్నా తప్పు. సొంత గదిలో తెలుసుకోవడం కోసం చేసేవాడు కూడా లైసెన్సు మాట తెలిసి చెయ్యాలి.

ఈ దారి ఎంత దూరం?

2020 జూన్‌లో ఆపిల్ ఇంటెల్‌ను వదిలి తన సొంత ప్రాసెసర్లకు మారుతున్నట్లు ప్రకటించింది. ఆ నవంబరులో ఎం1 మ్యాక్‌లు వచ్చాయి. ఆ ప్రాసెసర్ మాట్లాడే భాష ఇంటెల్ భాష కాదు. 2005లో కలిసిన మాట మళ్ళీ విడిపోయింది. 2025 సెప్టెంబరులో వచ్చిన టాహో, అంటే మ్యాక్ ఓఎస్ 26, ఇంటెల్ మ్యాక్‌లకు చివరిదని ఆపిల్ వారే చెప్పారు. అది కూడా నాలుగు ఇంటెల్ మోడళ్ళకే పరిమితం. ఆ తరువాతి సిస్టమ్‌లు మామూలు ల్యాప్‌టాప్‌కు అర్థం కావు. అతుకులతో తీరే లోటు కాదిది. ఎక్స్‌కోడ్ కొత్త రూపాలు కొత్త మ్యాక్ ఓఎస్‌నే అడుగుతుంటాయి. అంటే ఈ రోజు శ్రమపడి ఎక్కించినా, కొన్నేళ్ళలో ఐఫోన్ యాప్ పనికి అది చాలకుండా పోతుంది.

మరి ఏం చెయ్యాలి?

నా జూనియర్‌కు నేను చెప్పింది ఇది. మ్యాక్ ఎక్కించడం కోసమని ల్యాప్‌టాప్ కొనవద్దు. చదువుకు పనికివచ్చే మంచి విండోస్ ల్యాప్‌టాప్ కొను. నీ యాప్ వినవలసినవాళ్ళు ఎవరు? మీ వూరి పిల్లలు. వాళ్ళ ఇళ్ళలో వున్నవి ఆండ్రాయిడ్ ఫోన్లు. ఆండ్రాయిడ్ స్టూడియో విండోస్‌లోనే నడుస్తుంది. యాప్‌ను గూగుల్ ప్లేలో పెట్టడానికి జీవితంలో ఒక్కసారి 25 డాలర్లు కడితే చాలు. ఆపిల్ యాప్ స్టోర్‌కైతే ఏటా 99 డాలర్లు కట్టాలి. మ్యాక్ ఎక్కినా ఆ ఖర్చు తప్పదు. వెబ్ పేజీగా చేస్తే అమ్మమ్మ గొంతు రెండు రకాల ఫోన్లలోనూ వినబడుతుంది. అతను ఎనిమిదో తరం ల్యాప్‌టాప్ ఒకటి కొని ముందు ఆండ్రాయిడ్ పని మొదలుపెట్టాడు. మాటలు రికార్డు చేస్తున్నాడు.

ఐఫోన్ విద్య కావాలన్నవాళ్ళకు కూడా దారులు వున్నాయి. దాని భాష అయిన స్విఫ్ట్‌ను 2015లో ఆపిల్ అందరికీ తెరిచి ఇచ్చింది. లినక్స్‌లోనూ, 2020 నుంచి విండోస్‌లోనూ దాన్ని నేర్చుకోవచ్చు. యాప్ కట్టే చివరి మెట్టుకు మాత్రం మ్యాక్ కావాలి. గిట్‌హబ్ వారు బహిరంగ ప్రాజెక్టులకు తమ మ్యాక్ యంత్రాల మీద ఉచితంగా కట్టి ఇస్తారు. నలుగురు మిత్రులు కలిస్తే మ్యాక్ మినీ ఒకటి కొనుక్కోవడం కూడా అసాధ్యం కాదు. 2024లో ఎం4 మ్యాక్ మినీ మన దేశంలో 59,900 రూపాయలకూ, విద్యార్థులకు 49,900కూ విడుదలైంది.

అయితే హ్యాకింటాష్ పూర్తిగా దండగ పనా? కాదంటాను. ఏడు, ఎనిమిది తరాల పాత ల్యాప్‌టాప్ ఇంట్లో మూలన పడివుండి, అందులో పోగొట్టుకోవడానికి ఏమీ లేకపోతే, సెలవుల్లో తప్పక చేసి చూడదగిన పని. ఏసీపీఐ అంటే ఏమిటి, డ్రైవర్ ఎట్లా పనిచేస్తుంది, యంత్రం ఎట్లా మేలుకుంటుంది అనేవి నేను తరగతిలో విన్నప్పటికన్నా, నా ల్యాప్‌టాప్‌లో స్పీకరు పలికించడానికి రెండు రాత్రులు కూర్చున్నప్పుడే బాగా తలకెక్కాయి. ఆ విద్య విండోస్‌కూ, లినక్స్‌కూ, రేపు వచ్చే మరో దానికీ పనికివస్తుంది. చేతిలో వున్న పాత యంత్రం మీద సరదా తీర్చుకోండి. ఇంటివాళ్ళు చెమటోడ్చి ఇచ్చిన డబ్బును మాత్రం, డివైస్ మేనేజర్‌లో నాలుగు పద్దులు చదవకుండా దుకాణంవాడి చేతిలో పెట్టకండి.